తీగతోటల త్రోవలో సైకిలు ప్రయాణము

ఫ్రాన్సు దేశములో బర్గండీ యను సీమ ద్రాక్షతోటలకు పేరెన్నికగన్నది. అచ్చట బోన్ అను పట్టణము నుండి సాంత్‌నే అను గ్రామము వరకు తోటల నడుమగా సైకిళ్ళు పోవుటకు ఒక బాట యేర్పరచి యున్నారు. వీపున సంచి తగిలించుకొని, అద్దె సైకిలు త్రొక్కుచు, రైతుల ముంగిళ్ళలో ఆగుచు, కొలది ఖర్చుతో దేశము చూచువారికి ఆ బాట మిక్కిలి ప్రియమైనది. 2015వ సంవత్సరములో యునెస్కో సంస్థ బర్గండీ ద్రాక్షభూములను ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. ఈ సంగతి చదివిన దినమున మా యిద్దరు మిత్రులకును ఒకే యూహ తోచినది. మన కర్నూలు, కడప సీమలలో అట్టి యాత్ర మనమేల చేయరాదు?

ఈ మాట విని మా బంధువులు నవ్విరి. “రాయలసీమలో తోటలా? రాళ్ళు లెక్కపెట్టి రండి” అనిరి. వారి నవ్వునకు కారణము లేకపోలేదు. కర్నూలు సీమలో సాలీన సగటు వర్షము సుమారు 670 మిల్లీమీటర్లు. కడపలో సుమారు 700. ఆ కొంచెమును అన్ని యేండ్లు సమముగా కురియదు. ద్రాక్షయన్నచో మన తెలుగువారికి హైదరాబాదు పరిసరముల అనాబ్-ఎ-షాహి పండ్లు జ్ఞప్తికి వచ్చును గాని కర్నూలు, కడపలు రావు. అయినను తీగతోట యనగా ద్రాక్షతోట మాత్రమేనా? కడప చెంత తరతరములుగా పెంచుచున్న తమలపాకు తోటయు తీగతోటయే. దానికి తోడు బనగానపల్లె మామిడి, మహానంది అరటి, పులివెందుల చీనీ. ఇన్ని యుండగా రాళ్ళు లెక్కపెట్టు తీరిక మాకుండదని నిశ్చయించుకొంటిమి.

సంక్రాంతి వెళ్ళిన తరువాత, ఎండ ముదరకముందు, కర్నూలు నుండి బయలుదేరితిమి. రెండు పాత సైకిళ్ళు, క్యారియరునకు కట్టిన రెండు దుప్పట్లు, పంపు, సొల్యూషను, ప్యాచీల డబ్బా, ఒక చెంబు, కొంచెము వేయించిన చెనిక్కాయలు, బెల్లము. దినమునకు ఇద్దరికిని కలిసి 400 రూపాయలు మించరాదని నియమము పెట్టుకొంటిమి. రాత్రులు సత్రములలోను, దేవాలయ మంటపములలోను గడుపవలెను. ఉదయమున ఉగ్గాని, బజ్జి. మధ్యాహ్నము సంగటి, చెనిక్కాయల ఊరుమిండి. ఈ సీమలో పొట్ట నిండుటకు పెద్ద సొమ్ము అక్కరలేదు.

మా కంటె దాదాపు రెండు వందల యేండ్లకు ముందు ఈ త్రోవన ఒక మహాయాత్రికుడు పోయెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరములో చెన్నపట్నము నుండి కాశికి బయలుదేరి కడప, అహోబిలము, మహానంది మీదుగా శ్రీశైలము చేరిరి. ఆయన పల్లకిలో పరివారముతో పోయిరి. మేము సైకిళ్ళపై సంచులతో పోయితిమి. ఆయన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకి అచ్చట నీటివసతి యెట్లున్నదో, అంగళ్ళు గలవో లేవో వ్రాసిపెట్టిరి. ఇది చదివినప్పుడు ప్రతి ఊర నీటిమాట యెందుకని మేము అనుకొన్న మాట నిజము. ఆ సందేహము మొదటి దినముననే తీరినది.

ఓర్వకల్లు వద్ద బాటకు ఇరుప్రక్కల రాతిగుండ్లు విచిత్రముగా నిలిచియుండును. ఆ రాళ్ళు చూచుచు పోవుచుండగా సర్కారుతుమ్మ ముల్లు గ్రుచ్చుకొని ట్యూబు పంక్చరైనది. దగ్గరి ఇంటి ముందర నీడలో కూర్చుండి అతుకు వేసికొంటిమి. ఆ ఇంటి ముసలమ్మ రెండు చెంబుల నీళ్ళు తెచ్చియిచ్చినది. ఒక చెంబు త్రాగితిమి. రెండవ దానితో ముఖములు, కాళ్ళు కడుగుకొని, మిగిలినది సైకిలు చక్రముపై కుమ్మరించితిమి. పావుగంట గడచిన పిమ్మట నీళ్ళ ట్యాంకరు వచ్చినది. వీధిలోని ఆడవారందరు బిందెలతో పరుగెత్తిరి. వారిలో ఆ ముసలమ్మయు ఉన్నది. రెండు బిందెలు పట్టుకొని, నడుము వంగి, మా ముందరి నుండియే ఇంటిలోనికి పోయినది. మమ్ము ఒక్క మాట అనలేదు. “ఎండెక్కకముందే పోండి నాయనా” అని మాత్రము చెప్పినది. సైకిలు చక్రముపై ఇంకను ఆరని తడి చూచి మాకు తల యెత్తుటకు సిగ్గు కలిగినది.

ఆ రాత్రి పాణ్యములో ఆగి మరునాడు బనగానపల్లెకు పోయితిమి. ఇది 1948 వరకు నవాబుల యేలుబడిలోని సంస్థానము. ఇచ్చటి మామిడికే బేనీషాన్ అని పేరు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. మేము పోయినప్పుడు చెట్లు పూతమీద నున్నవి. తోటయంతయు తేనెటీగల రొద. తోట యజమానిని మేము కాయ పరిమాణమును, ధరలను గూర్చి అడుగుచుంటిమి. ఆయన కొంతసేపు చెప్పి, “అందరూ కాయ ఎట్లుంటాది, ధర ఎంత అనే అడుగుతారు సార్. నీళ్ళు యాడివి అని అడగండి. మా తట్టు ముందు అడగాల్సిన మాట అది” అనెను.

అట్లే అడిగితిమి. “మామిడి మొక్కను మూడు నాలుగేండ్లు బిడ్డను సాకినట్టు సాకల్ల. కుండతోనైనా నీళ్ళు పొయ్యల్ల. ఆ తర్వాత దాని వేరు కిందికి పోతాది. ఇంక అది వాననే నమ్ముకోని బతుకుతాది. వాన తక్కువైన యేడు కాపు తక్కువ, అంతే. చెట్టు మాత్రం చావదు” అని ఆయన చెప్పెను. ఓర్వకల్లు ముసలమ్మ మాటాడక నేర్పిన పాఠమును ఈయన మాటలతో చెప్పినట్లయినది. నాటి నుండి ఏ తోటలో అడుగిడినను మేము మొదట అడిగిన ప్రశ్న ఇదియే: ఈ తోట ఏ నీరు త్రాగుచున్నది?

నంద్యాల దాటి నల్లమల పాదమునకు పోయినచో వేరొక సమాధానము దొరకును. మహానందిలో స్వామి పీఠము క్రింది నుండి ఊట పుట్టి కోనేటిలోనికి వచ్చుచున్నది. నీరెంత తేటగా ఉన్నదనగా అడుగున పడిన నాణెము స్పష్టముగా కనబడును. ఆ నీరు కోనేటిలో నిలువక వెలుపలికి సాగి చుట్టునున్న పొలములకు పారును. తెల్లవారుజామున స్నానము చేసి ఆ కాలువ వెంట నడచితిమి, ఇరువైపుల అరటితోటలు. రాతిసీమ నుండి వచ్చిన మా కన్నులకు ఆ పచ్చదనము కలవలె తోచినది. అరటి బహుదాహము గల మొక్క. ఇక్కడి అరటికి ఆ దాహము తీర్చునది ఆ కొండయే. కొండపైని అడవి వాననీటిని పట్టియుంచుకొని కొంచెము కొంచెముగా విడుచుచున్నది. “అడివి ఉన్నన్నాళ్ళు మాకు నీళ్ళు ఉంటాయి. మాకు గాలివాననే భయం, ఒక్క రాత్రిలో తోటంతా పండుకుంటాది” అని అరటిగెలలు కోయుచున్న కూలి చెప్పెను. ఆ రాత్రి మా బస సత్రములో, భోజనము అన్నదానములో. ఆ దినమున మేము వెచ్చించినది టీకిని, రెండు హస్తముల అరటిపండ్లకును మాత్రమే.

నంద్యాల నుండి దక్షిణముగా పోయిన త్రోవ కుందూ నది లోయలోనిది. ఇచ్చట మూడవ నీరు ఎదురగును. అది కర్నూలు–కడప కాలువ నీరు. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1860 దశకములో మద్రాసు ఇరిగేషను కంపెనీ యను ఆంగ్లేయుల సంస్థ ఈ కాలువను త్రవ్వించినది. పొడవు సుమారు 306 కిలోమీటర్లు. నీరు పారించుటయే గాక పడవలు నడపుటయు వారి యుద్దేశము. అయితే రైతులు మొదట ఈ నీటిని ఆశించినంతగా తీసికొనలేదు. నల్లరేగడి నేల వాననీటిని తనలో దాచుకొని జొన్నను, ప్రత్తిని పండించును. ఇక తీరువ కట్టి నీరు కొనుటయెందుకని వారి ఆలోచన. కంపెనీ నష్టపడి, 1882లో కాలువను ప్రభుత్వమునకు అమ్ముకొన్నది. నాడు వలదన్న ఆ నీటికొరకే తరువాతి తరములవారు వాదులాడుకొనిరి. కృష్ణా జలవివాదముల ట్రిబ్యునలు ఈ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీరు కేటాయించినది.

కాలువగట్టు వెంట సైకిలు త్రొక్కుట ఈ యాత్రలో మిక్కిలి సుఖమైన భాగము. ఎత్తుపల్లములు లేవు, ప్రక్కనే నీటి చప్పుడు, తుమ్మ ముల్లొక్కటియే శత్రువు. ఆళ్ళగడ్డ, చాగలమఱ్ఱి, దువ్వూరు దాటి మైదుకూరు చేరునప్పటికి పసుపు పొలములు కనబడినవి. కొన్నిచోట్ల కొమ్ములు ఉడకబెట్టుచుండిరి. ఆ వాసన మైలు దూరము మమ్ము వెంబడించినది. అక్కడి నుండి ఖాజీపేట మీదుగా పెన్నయొడ్డున నున్న చెన్నూరునకు పోయితిమి. మేము వెదకుచు వచ్చిన తీగతోట అచ్చట నున్నది.

లోపలికి అడుగు పెట్టబోవుచుండగా రైతు కేకవేసెను. “చెప్పులు బయట ఇడిసి రాండి సార్. ఇది ఆకుతోట.” తమలపాకు తోటను దేవాలయమువలె చూచుట ఈ రైతుల ఆచారము. చెప్పులు విడిచి లోనికి పోగా బయటి యెండ మాయమైనది. వరుసలు వరుసలుగా అవిసె చెట్లు. ఒక్కొక్క అవిసెను పెనవేసికొని ఒక్కొక్క తీగ. ముందు అవిసె గింజలు నాటి, అవి పెరిగి నీడ యిచ్చిన పిమ్మట తీగముక్కలు నాటుదురు. తీగ ప్రాకిన కొలది దానిని చెట్టుకు కట్టుచుందురు. తమలపాకు మిరియపు తీగకు చుట్టము. అడవి చెమ్మలో పుట్టిన జాతి. నేల యెప్పుడును తడిగా నుండవలెను, కాని నీరు నిలువరాదు. ఒక వారము నీరు తప్పినచో ఆకు ముడుచుకొనును. ఒక వారము నీరు నిలిచినచో వేరు కుళ్ళును. బర్గండీ ద్రాక్షకు రైతు నీరు కట్టుట అరుదు. అది వానను నమ్ముకొని బ్రతుకును. మన ఆకుతీగకు నీరు పెట్టుటయే నిత్యకృత్యము. రెండును తీగలే, రెండింటి బ్రతుకులు వేరు.

“కాలువ నీరు సరిగా వచ్చుచున్నదా?” అని అడిగితిమి. రైతు ఆకు గిల్లుచునే నవ్వి, “కాలువ చివర ఉండేటోళ్ళం మేము. పైన నంద్యాల తట్టు వరి యెంత పెట్టినారో మా ఆకు చూస్తే తెలుస్తాది. ఏరు పక్కనుంది కాబట్టి బావి తవ్వుకున్నాం. లేకుంటే ఈ తోట ఎప్పుడో పోయుండు” అనెను. అట్లు చెప్పుచునే మా చేతులలో చెరియొక గుప్పెడు లేతాకులు పెట్టెను. డబ్బు తీయబోగా, “ఆకు చేతికిచ్చి దుడ్లు తీసుకుంటారా యాడన్నా?” అని కోపగించుకొనెను. పైనున్నవాడు మడి నింపుకొనునప్పుడు కాలువ చివర నొక తీగ ముడుచుకొనుచున్నదని, దానిని నమ్ముకొని నాలుగిండ్లవారు బ్రతుకుచున్నారని మాకు తెలిసినది ఆ చెట్ల నీడలోనే.

కడపలో ఒక దినము విశ్రమించి పులివెందుల త్రోవ పట్టితిమి. దూరము సుమారు 70 కిలోమీటర్లు. కాలువగట్టు సుఖము ఇచ్చట లేదు. వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చుచోట ఆంజనేయస్వామి సన్నిధిని ఆ రాత్రి గడిపితిమి. మరునాడు తోటలు మొదలైనవి. బత్తాయిని ఈ సీమలో చీనీ యందురు. చీనీతోటలు, అరటితోటలు, వాని నడుమ ఒక్కచో మేము కోరుకొన్న ద్రాక్షపందిరియు కనబడినది. రాతికూసములపై తీగెలు లాగి, వానిపై ద్రాక్షను ప్రాకించిరి. చలిదేశములలో ద్రాక్ష శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. మన వేడిభూమిలో దానికి నిద్రయే లేదు; కావున రైతు ఏప్రిలులో ఒకమారు, అక్టోబరులో ఒకమారు కొమ్మలు కత్తిరించి దానికి కాలము నేర్పును. రెండవ కత్తిరింపునకు వచ్చిన గుత్తులు అప్పుడే తీపి పట్టుచుండెను. ప్రతి మొదలుకు డ్రిప్పు గొట్టము నుండి నీరు బొట్లు బొట్లుగా పడుచుండెను. ఈ బిందుసేద్యమునకు సాయము చేయుటకై ప్రభుత్వము 2003లో ప్రత్యేక పథకము ఆరంభించినది. ఆ గొట్టములు లేనిచో ఈ పందిరి లేదు.

ఆ గొట్టములకు నీరెక్కడిది? బోరుది. ఇది నాల్గవ నీరు. దీని కథ మాకు చెప్పినది పందిరి ప్రక్క పొలములోని ఒక పెద్దాయన. ఆ పొలములో వరుసగా మోళ్ళు మాత్రమే ఉన్నవి. “నాలుగెకరాల చీనీ సార్. ఐదో యేట కాపు పట్టింది. పెండ్లిండ్లు, చదువులు, అన్నీ ఆ చెట్లే చేసినాయి. మొదటి బోరు రెండు వందల అడుగులకే పడింది. అది ఎండిపోతే నాలుగు నూర్లు ఏసినాం. కడాకు ఎనిమిది నూర్లు ఏసినా దుమ్మే వచ్చె. ఒక ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్ళు తోలించినాం. రెండో ఎండాకాలం చేతగాలేదు. పరాయోళ్ళతో కొట్టించలేక నేనే గొడ్డలి పట్టుకున్నా” అని చెప్పి ఆయన ఊరకుండెను. కొంతసేపటికి, “బోరు నీళ్ళంటే మనమల నీళ్ళు సార్. మేము ముందే తాగేసినాం” అనెను.

బోర్ల నియంత్రణకు 2002లో రాష్ట్రమున ఒక చట్టము వచ్చినది. నీరు, భూమి, చెట్లు మూడింటిని కాపాడుట దాని యుద్దేశము. అయినను ఎండుచున్న చెట్టును చూచుచు చట్టము తలచుకొనువాడు అరుదు. ప్రక్కవాడు నాలుగు వందల అడుగులు పోయినచో వీడు ఐదు వందలు పోవును. ఆ విధముగా ఒకరి తోటను బ్రతికించుకొనుటకై ఒకరి తోట చచ్చినది.

ఆయన కుమారుడు అప్పుడే మోటారుసైకిలుపై వచ్చెను. ఇటీవలి సంవత్సరములలో కృష్ణానీరు గండికోట జలాశయము మీదుగా చిత్రావతి జలాశయమునకు ఎత్తిపోయుటతో ఈ ప్రాంతమునకు క్రొత్త ఆశ కలిగినది. తిరిగి నాలుగెకరములును చీనీ పెట్టవలెనని కుమారుని పట్టు. తండ్రికి ధైర్యము చాలలేదు. ఆయన మా వంక తిరిగి, “మీరు ఊర్లన్నీ తిరిగొచ్చినారు గదా సార్. ఈ నీళ్ళు నిలుస్తాయంటారా?” అని అడిగెను.

మేము ఏమి చెప్పగలము? చెట్టు కాపునకు వచ్చుటకే ఐదేండ్లు పట్టును. ఒక మాట తప్పుగా చెప్పినచో ఒక సంసారము అప్పులపాలగును. కావున సలహా చెప్పక, చూచినది చూచినట్లు చెప్పితిమి. బనగానపల్లెలో వానను నమ్మిన మామిడిని, మహానందిలో కొండ కాపాడుచున్న అరటిని, చెన్నూరులో కాలువ చాలక బావిని తోడు తెచ్చుకొన్న ఆకుతోటను గూర్చి చెప్పితిమి. పెద్దాయన చాలసేపు వినెను. పిమ్మట కుమారునితో, “రెండెకరాలు పెట్టు నాయనా. నాలుగు వద్దు. డ్రిప్పు లేకుండా ఒక్క చెట్టు కూడా వద్దు. తక్కిన రెండెకరాల్లో మామిడి పెడదాం, అది వాన చూసుకుంటాది” అనెను. కుమారుడు సంతోషించలేదు, అట్లని కాదనలేదు. ఆ సాయంకాలము మేము ముఖములు కడుగుకొనుటకు ఆ ఇంటివారు బక్కెట్టెడు నీళ్ళు పెట్టిరి. అర చెంబు తీసికొని, తక్కినది చీనీ నారుమడి యొద్ద పెట్టి వచ్చితిమి.

తొమ్మిది దినములలో 350 కిలోమీటర్లకు పైగా తిరిగితిమి. ఐదు పంక్చర్లు, ఖర్చు మేము పెట్టుకొన్న గీటు దాటలేదు. కారులో పోయినవారికి ఈ త్రోవ అయిదారు గంటల పని. వారికి పచ్చని తోటయు, ఎండిన తోటయు అద్దము వెలుపల ఒకదాని వెంట నొకటి దాటిపోవును. సైకిలుపై పోవువానికి దాహము వేయును. దాహము వేసినవాడు ఆగును, ఆగినవాడు అడుగును, అడిగినవానికి ఈ సీమవారు నీరిచ్చి, నీటికథయు చెప్పుదురు. చేత డబ్బు తక్కువగుటయు ఒక విధముగా మేలే అయినది. హోటలులో దిగియున్నచో ఈ ముంగిళ్ళలో ఒక్కటియు మేము త్రొక్కియుండము.

ఎవరైనను ఈ త్రోవ పోదలచినచో జనవరి, ఫిబ్రవరి మాసములలో పోవలెను. ఉదయము పదిగంటలలోపల సగము దూరము గడపవలెను. అడుగక పండు కోయరాదు. ఆకుతోటలో చెప్పులు విడువవలెను. రెండు ట్యూబులు అదనముగా నుంచుకొనవలెను. తోటలో అడుగిడినప్పుడు పండు ధర అడుగుటకు ముందు నీరెక్కడిదని అడుగవలెను. రైతు తన బ్రతుకంతయు దానితోనే మొదలుపెట్టి చెప్పును. అన్నిటికి మించి, ఎవరి ముంగిట నైనను రెండు చెంబులు ఇచ్చినచో, త్రాగుటకు వలసినది త్రాగి, మిగిలినది తిరిగి వారి చేతికే ఈయవలెను. ఓర్వకల్లు ముసలమ్మకు మేము చేయలేకపోయిన పని అది.